ఊగని అంకె

సోమవారం పొద్దున పదింటికి ఆయన మా ఆఫీసు మెట్లెక్కి వచ్చేసరికి నేను మంచి హుషారు మీద ఉన్నాను. శుక్రవారం నేను సంతకం చేసి పంపిన రిపోర్టు పట్టుమని పది లైన్లు లేదు. మా పెట్టె సరిగానే పనిచేసిందనీ, ఆ క్రేను ఎత్తిన బరువు ఇరవై నాలుగు టన్నులుగా నమోదైందనీ, అలారం కూడా మోగిందనీ రాశాను. అంటే తప్పు మాది కాదు, క్రేను నడిపినాయనది. ఆ నడిపినాయనే ఇప్పుడు మా గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతున్నాడు.

మాది గాజువాకలో, మోటార్లకు వైండింగు చుట్టే షాపు మీద, రెండు గదుల కంపెనీ. ఓనరు, నేను, ఇంకో ఇద్దరు. పోర్టు చుట్టుపక్కల యార్డుల్లో స్టీలు కాయిళ్ళు, అంటే పెద్ద రేకు చుట్టలు, ఎత్తే క్రేన్లకు బరువు చూపించే పెట్టెలు తయారుచేస్తాం. పెట్టెలో అరచెయ్యంత కంప్యూటరు, అందులో లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్. క్రేను తాడు దగ్గర బిగించిన సెన్సరు ఏం చెబుతోందో విని, దాన్ని అంకెగా మార్చి పైకి అందించే అట్టడుగు ప్రోగ్రాము ఒకటుంటుంది. దాన్ని డ్రైవర్ అంటారు. అది కెర్నల్ లోపల, అంటే మొత్తం సిస్టమ్‌కు పునాదిలాంటి చోట, కూర్చుంటుంది. పదమూడేళ్ళుగా నా పని అదే. స్క్రీను మీద రంగులూ బొత్తాలూ పెట్టేవాళ్ళంటే నాకు లోలోపల చిన్నచూపు ఉండేది. పునాది నాది కదా అని గర్వం.

గురువారం మధ్యాహ్నం యార్డులో జరిగింది ఇది. ఆ క్రేను ఇరవై టన్నులకు మించి ఎత్తకూడదు. కాయిల్‌కు అంటించిన చీటీ మీద పదిహేడని ఉంది. నిజానికి అది ఇరవై నాలుగు. ఎవరో వేరే కాయిల్ చీటీ తెచ్చి దీనికి అంటించారు. ఆయన దాన్ని ఛాతీ ఎత్తుకు లేపాక అలారం మోగింది. ఉలిక్కిపడి ఆపబోతే బ్రేకు జారింది, కాయిల్ వెళ్ళి ట్రైలరు మీద పడింది. ట్రైలరు నడుం వంగిపోయింది. హుక్కు తగిలించే మనిషి రెండడుగులు వెనక ఉండబట్టి బతికిపోయాడు. చీటీలు తప్పవుతూనే ఉంటాయి, అందుకే కదా పెట్టె పెట్టించాం అంది యార్డు. పెట్టె ఇరవై నాలుగని చెప్పింది, ఆపరేటరే పట్టించుకోలేదు అన్నాను నేను.

ఆ సోమవారం మూడింటికే ఎంక్వయిరీ. తప్పు ఆయనదని తేలితే గేటు పాసు తీసేస్తారు. ఒక యార్డులో పాసు పోయిన ఆపరేటర్ని ఈ చుట్టుపక్కల ఇంకో యార్డు కేబిన్ ఎక్కనివ్వదు. ఆయనకు యాభై నాలుగేళ్ళు. ఇవన్నీ నాకు శుక్రవారమే తెలుసు. తెలిసే సంతకం చేశాను, అది కూడా యార్డుకు వెళ్ళకుండా, దువ్వాడలో మా ఇంటి డైనింగు టేబుల్ దగ్గర కూర్చుని, పెట్టె బరువులు రాసుకునే లాగ్ ఫైలు ఒక్కసారి తెరిచి చూసి.

ఆయనది భీమిలి అవతల ఒక పల్లె. ముప్పై ఏళ్ళుగా క్రేన్ల మీదే. రెండేళ్ళ కిందట ఆయన కేబిన్లో పెట్టె బిగించినప్పటి నుంచీ పరిచయం, నేను బాబాయ్ అంటాను. ఏ బరువైనా నేల మీంచి జానెడు లేపి, లివరు మీంచి చెయ్యి తీసేసి, అంకె చూసి, ఆ తర్వాతే పైకి లాగడం ఆయన పద్ధతి. పాత ఆపరేటర్లందరిదీ అదే పద్ధతి. పెట్టెలు రాకముందు ఆ జానెడు ఎత్తులోనే తాడు చప్పుడు వినేవారట.

ఆయన అరవలేదు. అరిస్తే నాకు సులువయ్యేది. నాకు ముక్కు మీద కోపం, తిరిగి అరవడం బాగా వచ్చు. ఆయన కుర్చీ అంచున కూర్చుని, మంచినీళ్ళు ఇస్తే తాగి, గ్లాసు జాగ్రత్తగా కింద పెట్టాడు.

"నాను జానెత్తి సూసేనమ్మా. పదిహేడు పాయింటు రెండు ఉంది. సీటీ కూడా పదిహేడే. అప్పుడే పైకి లాగేను."

నేను రిపోర్టు తీసి, ఇరవై నాలుగు అని ఉన్నచోట వేలు పెట్టి చూపించాను. పెట్టె అబద్ధం చెప్పదు బాబాయ్ అన్నాను. ఆ మాట అన్నప్పుడు నా గొంతులో ఉన్న ధీమా ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తుంది.

ఆయన కాగితం వంక చూడలేదు. "ఒకటి సెప్తాను ఇను. ఆ అంకె ఊగనేదు."

అర్థం కాలేదన్నాను.

"బరువు గాల్లో ఉంటే ఊగుతాది కదమ్మా. సివరంకె ఒకటీ రెండూ, రెండూ మూడూ అని కొట్టుకుంతాది. ఆ దినం కొట్టుకోనేదు. మేకేసి కొట్టినట్టు నిలబడిపోయింది. నాను సూసేను గాని, సీటీతో సరిపోయింది కదాని ఊరుకున్నాను. నాను సేసిన తప్పేటంటే అదే."

రిపోర్టు మీంచి వేలు తీసేశాను. ఎందుకంటే ఊగని అంకె ఎక్కడి నుంచి వస్తుందో ఈ భూమ్మీద ఒక్క నాకే తెలుసు. దాన్ని రాసింది నేనే.

రెండేళ్ళ కిందట పెట్టెలు కొత్తగా బిగించినప్పుడు స్క్రీను మీద అప్పుడప్పుడు అంకె పోయి నాలుగు గీతలు వచ్చేవి. సెన్సరు నుంచి వచ్చిన సమాచారం దారిలో చెడిపోతే డ్రైవర్ దాన్ని పారేసి, తెలియలేదు అని పైకి చెబుతుంది. అప్పుడు స్క్రీను గీతలు చూపిస్తుంది. ఆపరేటర్లకు ఆ గీతలంటే బెదురు పట్టుకుంది. బరువు గాల్లో వేలాడుతుండగా పెట్టె చచ్చిపోయిందేమో అనుకునేవాళ్ళు. రోజూ ఫోన్లు. ఆ ఫోన్లు చేసినవాళ్ళలో అందరికంటే ఎక్కువ పోరింది ఈయనే. ఆ గీతలు తీసీయమ్మా, కాళ్ళు సేతులు ఆడట్నేదు అని. ఆయన మాటలు నా నోటుబుక్కులో ఉన్నాయి.

నేను తీసేశాను. ఎలా తీశానంటే, సమాచారం చెడిపోయినప్పుడల్లా అంతకుముందు వచ్చిన మంచి అంకెనే మళ్ళీ పైకి ఇచ్చేలా డ్రైవర్లో నాలుగు లైన్లు కలిపాను. గీతలు మాయమయ్యాయి. ఫోన్లు ఆగిపోయాయి. ఓనరు స్వీట్లు తెప్పించాడు.

ఇక్కడితో అయిపోతే అది తెలియక చేసిన తప్పు అయ్యేది. అలా కాలేదు. లినక్స్ ఎవరి సొంతమూ కాదు. డ్రైవర్ రాసినవాళ్ళు దాన్ని అందరూ చూసే ఒక మెయిల్ లిస్టుకు పంపితే, ఎక్కడెక్కడివాళ్ళో చదివి, తప్పులు పట్టి, బాగుంటే కెర్నల్లో కలుపుకుంటారు. నేనూ పంపాను. ముక్కూమొహం తెలియని ఒకాయన, ఏ దేశమో కూడా తెలియదు, ఆ నాలుగు లైన్ల దగ్గర ఆగిపోయాడు. సెన్సరు జవాబివ్వనప్పుడు జవాబు లేదనే చెప్పండి, పాత అంకె ఇస్తే పైన ఉన్నవాళ్ళకు అది పాతదో కొత్తదో తెలిసే దారి లేదు అని రాశాడు. నాకు ఒళ్ళు మండింది. మీరు జన్మలో క్రేను కేబిన్ ఎక్కారా, మా ఆపరేటర్లకు కావలసింది నిలకడైన అంకె అని జవాబు రాశాను. మూడు ఉత్తరాలు వాదించాను. ఆయన మాట తూలకుండా అదే విషయం మళ్ళీ మర్యాదగా చెప్పాడు. చివరికి వాళ్ళకు పంపిన దాంట్లో ఆ లైన్లు తీసేశాను. మా పెట్టెల్లో మాత్రం ఉంచుకున్నాను. లోకంలో అందరి దగ్గరా సరైన డ్రైవర్ ఉంది, తప్పుడుది మా పదకొండు పెట్టెల్లోనే ఉంది.

బాబాయ్ నా ఎదురుగా కూర్చుని ఉన్నాడు. గోడ మీద గడియారం పదిన్నర దాటింది. మూడింటికి ఎంక్వయిరీ. నాకు కారణం తెలుసు గాని, కారణం తెలియడం వేరు, చూపించడం వేరు. లాగ్‌లో బరువు ఎత్తిన ప్రతిసారికీ అన్నిటికంటే పెద్ద అంకె ఒక్కటే దాస్తాం. తాడు బిగుస్తూ అంకె పదిహేడు పాయింటు రెండుకు ఎక్కేసరికి సమాచారం చెడి అక్కడే ఆగిపోయి ఉంటుంది. ఛాతీ ఎత్తుకు లేచాక సమాచారం బాగుపడి ఇరవై నాలుగు వచ్చింది, అదే లాగ్‌లో పడింది, అప్పుడే అలారం మోగింది. జానెడు ఎత్తులో స్క్రీను మీద ఏముందో చెప్పే సాక్ష్యం ఆయన కళ్ళు తప్ప ఏదీ లేదు.

కిందికి పద బాబాయ్ అన్నాను.

వైండింగు షాపు మేస్త్రి ఒక పెద్ద మోటారు చుట్టడం పూర్తిచేసి పరీక్షకు పెట్టుకున్నాడు. మేం పరీక్షలకు వాడే చిన్న సెన్సరు ఒకటి మేస్త్రి స్టాండుకు బిగించి, దానికి ప్లాస్టిక్ బకెట్టు వేలాడదీశాను. మోటారు కరెంటే పక్కనున్న సెన్సరు సమాచారాన్ని చెడగొడుతోందని నా అనుమానం, అందుకే సెన్సరు తీగను మోటారు కరెంటు తీగతో కలిపి కట్టాను. యార్డులో క్రేను మీద కూడా ఆ రెండూ ఒకే గొట్టంలో పక్కపక్కనే పోతాయి, నేను కళ్ళారా చూశాను, అప్పుడు పట్టించుకోలేదు. మా పెట్టె ఒకటి దానికి తగిలించి ఆన్ చేశాను. బాబాయ్ చేతికి మగ్గు ఇచ్చి బకెట్లో నీళ్ళు పొయ్యమన్నాను.

మగ్గు మగ్గుకూ అంకె ఎక్కుతోంది. చివరి అంకె సన్నగా ఊగుతోంది. మేస్త్రి మోటారు వేశాడు. ఏమీ కాలేదు. ఒకవేళ ఇక్కడ కాకపోతే, నా దగ్గర ఇంకో దారి లేదు, టైము కూడా లేదు. మోటారుకు భారం పెంచమన్నాను. మేస్త్రి తిరుగుతున్న పుల్లీ మీద చెక్క అదిమి పట్టాడు. మోటారు మూలిగింది, కాలిన వాసన వచ్చింది.

"ఇంకా నొక్కమంటావేటమ్మా? కొత్త వైండింగు, మాడిపోతాది."

నొక్కమన్నాను. మాడితే డబ్బులు నేనిస్తానన్నాను.

అంకె ఆగిపోయింది.

బాబాయ్ ఒక మగ్గు పోశాడు. రెండో మగ్గు పోశాడు. మూడోది పోశాడు. బకెట్టు నిండుతోంది, అంకె కదలలేదు. ఆయన మగ్గు పట్టుకుని అలాగే నిలబడి స్క్రీను చూస్తున్నాడు. మేస్త్రి చెక్క తీసేశాడు. అంకె ఒక్కసారిగా పైకి దూకి, చివరన మళ్ళీ ఊగడం మొదలుపెట్టింది. నేను అంతా ఫోన్లో వీడియో తీశాను. మోటారు మీద భారం పెరిగితేనే పెట్టె మూగబోతోంది. క్రేనులో లివరు వదిలాక కూడా కాసేపు బరువు మోసేది మోటారే. అంటే బరువు మరీ ఎక్కువైనప్పుడు, పెట్టె అవసరం నిజంగా పడినప్పుడే, నేను పాత అంకె చూపిస్తున్నాను.

ఆ మాట బాబాయ్‌కి విడమరిచి చెప్పాను, నాలుగు లైన్లతో సహా. గీతల బదులు పాత అంకె పెట్టానని చెప్పాను. గీతలు ఎవరు తియ్యమన్నారో మాత్రం చెప్పలేదు. ఆయనకు గుర్తుందో లేదో మొహం చూస్తే తెలియలేదు. మగ్గు కడిగి, కుళాయి కింద బోర్లించి పెట్టాడు.

పైకి వెళ్ళి ఓనరుకు వీడియో చూపించాను. మనిషి చెడ్డవాడు కాదు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి, చేతికందిన పనల్లా చేసి పెట్టుకున్న కంపెనీ ఇది. వీడియో రెండుసార్లు చూసి, తలుపు మూసి, నెమ్మదిగా మాట్లాడాడు. ఈ రాత్రికి ఆ లైన్లు తీసేసి అన్ని పెట్టెలకూ కొత్తది వేసెయ్యమన్నాడు. ఎంక్వయిరీలో మాత్రం, ఆపరేటర్లు కోరిన మీదట మార్పు చేశాం అని చెబితే చాలన్నాడు.

"అబద్ధం చెప్పమనట్లేదమ్మా నేను. వాళ్ళు అడిగారు, మనం చేశాం. నీ పుస్తకంలో రాసే ఉంది కదా. ఆయన పేరుతో సహా."

అదే నన్ను భయపెట్టింది. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఆ ఒక్క మాట అంటే నా ఉద్యోగం ఉంటుంది, కంపెనీ ఉంటుంది, నా పేరు చెడదు. యార్డువాళ్ళు చచ్చినా మెయిల్ లిస్టు వెతకరు. ఆ ఉత్తరాలు ఎవరైనా చదవచ్చు గాని, ఈ ఊళ్ళో చదివేవాళ్ళు ఎవరున్నారు? బస్సులో యార్డుకు వెళ్తున్నంతసేపూ ఆ ఆలోచన నన్ను వదల్లేదు. నోటుబుక్కు బ్యాగులోనే ఉంది. నేను మంచిదాన్ని కాబట్టి ఆ దారి తొక్కలేదని రాసుకోవాలని ఉంది. నిజం ఏమిటంటే, గది తలుపు దాకా కూడా నేను ఏదీ తేల్చుకోలేదు.

బల్లకు అటువైపు యార్డు మేనేజరు, సేఫ్టీ ఆఫీసరు. ఇటువైపు నేను, మా ఓనరు. బాబాయ్‌కి కుర్చీ వెయ్యలేదు, గోడ పక్కన నిలబడ్డాడు. నేను వీడియో చూపించి, స్క్రీను మీద గీతలు రాకుండా డ్రైవర్ మార్చిన సంగతి చెప్పాను. సేఫ్టీ ఆఫీసరు మళ్ళీ వెయ్యమన్నాడు, మళ్ళీ వేశాను. బకెట్టు నిండుతుంటే అంకె కదలకపోవడం ఎవరికైనా అర్థమవుతుంది. మేనేజరు పెన్ను కింద పెట్టాడు.

ఈ గీతలు తియ్యమని మిమ్మల్ని అడిగిందెవరు అన్నాడు.

ఓనరు నా వంక చూశాడు. నేను తేల్చుకోవలసిన ఆ రెండు క్షణాల్లో గోడ దగ్గర నుంచి మాట వచ్చింది.

"నానే అడిగాను సార్. నానే ఫోను మీద ఫోను సేసేను. పాపం ఆ అమ్మ నా పోరు పళ్ళేకే సేసింది."

ఆయనకు గుర్తుంది. పొద్దుటి నుంచీ గుర్తుంది. గుర్తుండి కూడా నా దగ్గర ఒక్క మాట ఎత్తలేదు. మేనేజరు పెన్ను మళ్ళీ అందుకోవడం చూశాను. అది కాగితం మీద పడితే ఈయన పని ఐపోయినట్టే. నాకు కోపం వచ్చింది, ఆయన మీద కాదు, జీవితంలో మొదటిసారి సరైన మనిషి మీద, నా మీదే. నేను లేచి నిలబడ్డాను.

"ఆయన గీతలు తియ్యమన్నాడు. పాత అంకె చూపించమని అడగలేదు. అది నా సొంత తెలివి. తప్పని నాకు రెండేళ్ళ కిందటే చెప్పారు."

ల్యాప్‌టాప్‌లో మెయిల్ లిస్టు తెరిచి వాళ్ళ వైపు తిప్పాను. ఆ తెలియని మనిషి రాసింది తెలుగులో చెప్పాను. నేను రాసిన జవాబులు కూడా చెప్పాను, మూడూ, ఒక్క ముక్క వదలకుండా. కేబిన్ ఎక్కారా అని ఎగతాళి చేసిన వాక్యం దగ్గర ఆగి, నీళ్ళు తాగి మళ్ళీ మొదలుపెట్టాను. శుక్రవారం సంతకం చేసిన రిపోర్టు తప్పని ఒక తెల్లకాగితం మీద రాసి ఇచ్చాను. ఓనరు నేల చూపులు చూస్తూ కూర్చున్నాడు. సేఫ్టీ ఆఫీసరు లేచి వెళ్ళి ఒక కుర్చీ తెచ్చి బాబాయ్‌ని కూర్చోమన్నాడు.

ఆయన పాసు ఆయనకే ఉంచారు. మా పెట్టెలు బాగుచేసేదాకా వాడకూడదన్నారు. ఓనరు పది రోజులు నాతో మాట్లాడలేదు, పదకొండో రోజు కాఫీ పంపించాడు. ఇంకో యార్డు మా పెట్టెలు పీకించేసింది. ఆ నాలుగు లైన్లు చెరపడానికి నాకు అరనిమిషం పట్టింది. సెన్సరు తీగలు విడి గొట్టాల్లోకి మార్చడానికి, మిగిలిన క్రేన్లన్నీ ఎక్కి దిగడానికి మూడు వారాలు పట్టింది. మెయిల్ లిస్టులో ఆ మనిషికి మీరు చెప్పిందే సరైనది అని రాసి, జరిగింది చెప్పాను. అందరూ చూసే చోటే తిట్టాను కాబట్టి అందరూ చూసే చోటే ఒప్పుకున్నాను. ఆయన రెండు లైన్లు రాశాడు. మొదటి లైన్లో ఆపరేటర్ ఎలా ఉన్నాడని అడిగాడు. రెండేళ్ళ కిందట పెట్టె బిగించిన నేను గురువారం నుంచి సోమవారం దాకా అడగని ప్రశ్న అది.

బాబాయ్ క్రేను చివరికి మిగిల్చాను, మొహం చెల్లక. నిచ్చెన ఎక్కి కేబిన్లోకి వెళ్ళేసరికి అక్కడ అరటిపళ్ళు రెండున్నాయి, ఒకటి నాకిచ్చాడు. తీగలు మార్చకముందు ఒకసారి కొత్త ప్రోగ్రాము మాత్రం వేసి చూడాలన్నాను. కింద బరువు తెలిసిన పరీక్ష దిమ్మ ఒకటి హుక్కుకు తగిలించారు. ఆయన లివరు లాగాడు. దిమ్మ జానెడు లేచింది. అంకె ఎక్కుతూ ఎక్కుతూ వచ్చి, ఠక్కున పోయి, నాలుగు గీతలు వచ్చాయి.

ఆయన లివరు మీంచి చెయ్యి తీసేశాడు. కింద ఒక ట్రైలరు డ్రైవరు హారను కొడుతున్నాడు. దూరంగా ఓడ ఒకటి కూసింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆయన గీతలనే చూస్తున్నాడు. ఇదివరకట్లా భయంగా ఉందా బాబాయ్ అని అడిగాను.

"భయమేత్తందమ్మా. ఎయ్యనీ."

మోటారు కుదుటపడింది. గీతలు పోయి అంకె వచ్చింది. దాని చివర రెండూ మూడూ, మూడూ రెండూ అని కొట్టుకుంటోంది. ఆయన ఇంకా లివరు ముట్టుకోలేదు. నేనూ తొందరపెట్టలేదు.